పది అన్నారు, పదకొండు దాటింది: ఒక జిప్సీ ఇంజన్ లెక్క

ఏప్రిల్ చివర్లో గుంటూరు నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. వాళ్ళ నాన్నకి మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. కుర్రాడికి మాత్రం బండ్ల పిచ్చి. 1998 మోడల్ జిప్సీ కింగ్ ఒకటి కొని, ఏడాది పాటు డబ్బులు దాచుకుని ఇంజన్ కట్టించుకున్నాడట. "అన్నా, ఇంజన్ చేయించి మూడు నెలలే అయింది. కొండవీడు ఘాట్ ఎక్కుతుంటే థర్డ్ గేర్‌లో, రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు సౌండ్ వస్తోంది" అన్నాడు.

కంప్రెషన్ ఎంత పెట్టారని, అంటే సిలిండర్‌లో గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని ఎన్నో వంతుకి నొక్కేలా కట్టారని అడిగాను. "తొమ్మిదీ ఎనభై నాలుగు. పది అనుకోండి. లెక్క వేసి కాగితం కూడా ఇచ్చారన్నా."

ఆ సౌండ్ నాకింగ్‌ది, అంటే నొక్కుడు, వేడి ఎక్కువై మిశ్రమం తనంతట తానే భగ్గున అంటుకోవడం. పది లోపే కదా అనుకున్నాను. టైమింగ్, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ పడే సమయం, రెండు డిగ్రీలు వెనక్కి తీయించమని, కొన్నాళ్ళు నాకింగ్‌ని ఎక్కువ తట్టుకునే 95 ఆక్టేన్ పెట్రోల్ పోయించమని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఈ కేసులో నా మొదటి తప్పు అదే. ఎవరో రాసిన అంకెని ఫోన్‌లోనే నమ్మేశాను. నా మాట పట్టుకుని అతను మూడు వారాలు ఖరీదైన పెట్రోల్ పోయించాడు. సౌండ్ కాస్త తగ్గింది కానీ పోలేదు. టైమింగ్ వెనక్కి తీసేసరికి బండిలో లాగుడు తగ్గింది, మైలేజీ పడిపోయింది. మే మూడో వారంలో, కాజ టోల్‌గేట్ దాటేలోపే ఇంజన్ వేడెక్కి మొరాయించబోతుంటే, మెల్లగా నడుపుకుంటూ బెజవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకి తెచ్చాడు.

ఆ ఇంజన్ గురించి రెండు మాటలు. జిప్సీ కింగ్ కార్బురేటర్ మోడల్‌లో ఉండేది మారుతి వాళ్ళ 1.3 లీటర్ల జీ13 ఇంజన్. నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు. బోరు, అంటే సిలిండర్ వ్యాసం, 74 మిల్లీమీటర్లు. స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 75.5. మొత్తం 1298 సీసీ. సిలిండర్లుండే బ్లాకు, దాని మీద మూతలా బిగించే హెడ్డు, రెండూ అల్యూమినియమే. ఈ బండికి బోరింగ్ చేసి 0.50 ఓవర్‌సైజ్ వేశారు, అంటే బోరు 74.5 అయింది. పిస్టన్లు కంపెనీవి కాదు, ఆర్డర్ ఇచ్చి చేయించినవి. తల మీద చిన్న గుబ్బ ఉంది. దాన్ని మేం డోమ్ అంటాం. హెడ్డు ఫేసింగ్ చేశారు, అంటే దాని అడుగు చదును చేయడానికి కాస్త కోశారు, ఎంత తీశారో ఎవరికీ గుర్తు లేదు. వాల్వులు తెరిచి మూసే క్యామ్ షాఫ్టు మాత్రం స్టాక్‌దే, అంటే కంపెనీదే.

స్పార్క్ ప్లగ్గులు విప్పగానే సగం సంగతి తెలిసిపోయింది. మూడో సిలిండర్ ప్లగ్గు తెల్లటి పింగాణీ మీద ఆవగింజలో పదో వంతు ఉండే మెరిసే చుక్కలు. భూతద్దం పెట్టి చూస్తే అవి అల్యూమినియం బొట్లు. పిస్టన్ అంచు కరిగి వచ్చి అక్కడ అతుక్కుంటుంది. ఇంక ఈ ఇంజన్‌ని రోడ్డు మీదకి పంపకూడదని అక్కడే నిర్ణయం అయిపోయింది.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోతాను. బండి కట్టిన షాపు వాళ్ళు గేజీ పెట్టి చూపించి, "నాలుగింటిలోనూ 210 పైనే ఉంది, కంప్రెషన్ సూపర్" అని చెప్పారట. మన దగ్గర కంప్రెషన్ అనే మాటకి రెండు అర్థాలు కలిసిపోయాయి. ప్లగ్గు రంధ్రంలో గేజీ పెట్టి సెల్ఫ్ కొడితే వచ్చే పీఎస్ఐ ఒకటి. అది రింగులు, వాల్వులు ఎలా ఉన్నాయో చెబుతుంది. బ్యాటరీ డౌన్ అయితే తగ్గుతుంది, థ్రాటిల్ తెరవకపోతే తగ్గుతుంది, ఇంటేక్ వాల్వు ఆలస్యంగా మూసుకునే క్యామ్ వేస్తే తగ్గుతుంది. ఇంకోటి కంప్రెషన్ రేషియో. అది లోహంలో తొలిచిన ఖాళీల లెక్క. ఇంజన్ తిరగకపోయినా, టేబుల్ మీద విప్పి పెట్టినా అది మారదు. అందుకే దాన్ని స్టాటిక్ అంటారు. గేజీలో 210 చూసి సంబరపడటం, బీపీ 180 ఉందంటే మనిషి బలంగా ఉన్నాడనుకోవడం లాంటిదే.

లెక్క సూత్రం చిన్నది. పిస్టన్ కింద ఉన్నప్పుడు దాని పైన ఉన్న మొత్తం ఖాళీని, పిస్టన్ పైకి వచ్చాక మిగిలే ఖాళీతో భాగిస్తే వచ్చేదే రేషియో. పిస్టన్ తిరిగే ఖాళీకి స్వెప్ట్ వాల్యూమ్ అని పేరు, పైన మిగిలేదానికి క్లియరెన్స్ వాల్యూమ్ అని పేరు. రెండూ కూడి, క్లియరెన్స్‌తో భాగించాలి. నేరుగా స్వెప్ట్‌ని క్లియరెన్స్‌తో భాగించి ఊరుకుంటే అంకె సరిగ్గా ఒకటి తక్కువ వస్తుంది. ఇలా పది అనుకుని పదకొండు కట్టిన వాళ్ళని చూశాను. ఇంకో పొరపాటు, మొత్తం ఇంజన్ సీసీ వేసేయడం. ఒక్క సిలిండర్‌దే వేయాలి.

స్వెప్ట్ సులువు. 7.45 సెంటీమీటర్ల బోరు, వర్గం చేసి 0.7854తో గుణిస్తే 43.59 చదరపు సెంటీమీటర్లు. దాన్ని 7.55 స్ట్రోకుతో గుణిస్తే 329.12 సీసీ. దీని గురించి ఎక్కువ తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. బోరు కొలవడంలో 0.05 మిల్లీమీటర్ తప్పు పోయినా స్వెప్ట్‌లో అర సీసీ కూడా తేడా రాదు, రేషియోలో వందో వంతు కదులుతుంది, అంతే.

అసలు తంటా అంతా పైన మిగిలే ఆ 30, 40 సీసీల దగ్గరే ఉంది. మన ఇంట్లో చిన్న టీ గ్లాసుకి సగం కూడా ఉండదది. అక్కడ ఒక్క సీసీ తప్పితే, ఈ ఇంజన్‌కి రేషియో 0.2 నుంచి 0.3 దాకా మారిపోతుంది. పైగా అది ఒక గదిలో లేదు, అయిదు చోట్ల పంచుకుని ఉంది: హెడ్డులో గిన్నె, హెడ్డుకీ బ్లాకుకీ మధ్య వేసే గ్యాస్కెట్ మందం, పిస్టన్‌కీ బ్లాకు పైభాగానికీ మధ్య ఎత్తు తేడా, పిస్టన్ తల ఆకారం, పై రింగుకి పైన పిస్టన్ చుట్టూ ఉండే సన్నని సందు.

ఇప్పుడు షాపు వాళ్ళ కాగితం చూద్దాం. హెడ్డు గిన్నె 32 సీసీ అని రాశారు. అడిగితే, అంతకుముందు చేసిన ఇంకో జిప్సీ హెడ్డు కొలిచిన అంకె అని తేలింది. గ్యాస్కెట్ 1.2 మిల్లీమీటర్ మందం, బోరంతే రంధ్రం అనుకుని 5.23 సీసీ. రెండూ కలిపి 37.23. స్వెప్ట్ 329.12 కలిపి భాగిస్తే 9.84. కూడికలో, భాగహారంలో తప్పు లేదు. పిస్టన్ తల చదునుగా ఉందనుకున్నారు, అది సరిగ్గా బ్లాకు మట్టానికి వచ్చి ఆగుతుందనుకున్నారు, హెడ్డు ఫేసింగ్‌లో ఏమీ పోలేదనుకున్నారు. మూడు "అనుకోవడాలు". మూడూ ఒకే వైపుకి లాగాయి.

హెడ్డు గిన్నె కొలవడం దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే, నేనూ చేశాను.

కావలసినవి తక్కువే. కాలేజీ లాబ్ సామాను అమ్మే షాపులో దొరికే 50 మిల్లీలీటర్ల బ్యూరెట్ ఒకటి, అంటే కింద కుళాయి ఉండే గాజు గొట్టం, పదో వంతు గీతలతో. 10 మిల్లీమీటర్ల మందం యాక్రిలిక్ ముక్క, దానికి రెండు చిన్న రంధ్రాలు, ఒకటి ద్రవం పోయడానికి, ఒకటి గాలి పోవడానికి. ద్రవంగా నేను డీజిల్‌లో కాస్త ఎర్రటి పవర్ స్టీరింగ్ ఆయిల్ కలిపి వాడతాను. స్పిరిట్ అయితే మన మే నెలలో కొలుస్తుండగానే ఆవిరైపోతుంది. ఒకసారి తొందరలో థిన్నర్ వాడితే యాక్రిలిక్ ముక్క పాలు పోసినట్టు తెల్లబారి పనికిరాకుండా పోయింది. సిరంజితో కొలిచే వాళ్ళున్నారు. చిన్న సిరంజితో పదేసి సీసీలు మూడుసార్లు పోస్తే మూడుసార్లు తప్పు చదివే అవకాశం ఉంటుంది. బ్యూరెట్ అయితే పైన ఒకసారి, కింద ఒకసారి చదివితే చాలు.

హెడ్డుని తలకిందులు చేసి, బండిలో వాడే ప్లగ్గునే బిగించి, వాల్వులు స్ప్రింగులతో సహా ఉంచి, గిన్నె అంచు చుట్టూ వెంట్రుకంత సన్నంగా గ్రీజు రాసి యాక్రిలిక్ అంటించాలి. గ్రీజు లావుగా రాస్తే లోపలికి జారి అదే సీసీ తినేస్తుంది. హెడ్డుని కొంచెం వంచి, గాలి రంధ్రం ఎత్తున ఉండేలా పెట్టి, మెల్లగా వదలాలి. చివర్లో ఒక బుడగ ప్లగ్గు మూల దగ్గర దాక్కుంటుంది. చెక్క సుత్తితో హెడ్డు పక్కన రెండు దెబ్బలు వేస్తే బయటకి వస్తుంది.

ఒకటో గిన్నె 30.6. రెండోది 30.7. మూడోది 31.8. నాలుగోది 30.6.

నేను మూడోదాన్ని చూసి, ఎవరో అక్కడ ఎక్కువ గ్రైండింగ్ చేసి ఉంటారనుకుని కాగితం మీద రాసేశాను. ప్లగ్గు మీద చుక్కలు కనిపించింది మూడో సిలిండర్‌లోనే కాబట్టి, లెక్క కూడా దాని మీదే మొదలుపెట్టాను. మా షెడ్డులో పనిచేసే కుర్రాడు బల్ల తుడుస్తూ, "మేస్త్రీ గారూ, హెడ్డు పక్క నుంచి ఎర్రగా కారుతోంది" అన్నాడు. చూస్తే ఎగ్జాస్ట్ పోర్టులో బొట్టు బొట్టుగా దిగుతోంది. ఆ వాల్వు సీటు మీద సరిగా కూర్చోవడం లేదు. గిన్నెలోకి పోయిన 31.8లో సీసీ పైగా పోర్టులోకి కారిపోయింది. ఆ వాల్వుని సీటు మీద రుద్ది అతికేలా ల్యాపింగ్ చేసి మళ్ళీ కొలిస్తే 30.6 వచ్చింది. మొదటి అంకెతోనే లెక్క వేసుకుని ఉంటే రేషియో 10.75 వచ్చేది, అసలుది అంతకంటే ఎక్కువ. అప్పటి నుంచి కొలిచిన తర్వాత రెండు నిమిషాలు ఆగి ద్రవం మట్టం దిగిందేమో చూస్తున్నాను, పోర్టుల్లో తెల్ల టిష్యూ పేపర్ కూడా కుక్కుతున్నాను. ఎర్ర చుక్క పడితే అంకె పనికిరాదు.

గ్యాస్కెట్‌కి విప్పిన పాతదే కొలిచాను. కొత్త గ్యాస్కెట్ కొలవకూడదు, హెడ్డు బోల్టులు టార్క్ చేశాక అది నలిగి పలచబడుతుంది. నలిగిన దాని మందం, రంధ్రం అంచున ఉండే లోహపు రింగు మీద మైక్రోమీటర్ పెడితే 1.20 వచ్చింది. రంధ్రం బోరంత లేదు, 76 మిల్లీమీటర్లు ఉంది. దాని వైశాల్యం 45.37, మందంతో గుణిస్తే 5.44 సీసీ. షాపు వాళ్ళ కంటే 0.2 ఎక్కువ. వాళ్ళు రాసిన అంకెల్లో కాస్త దయ చూపించింది ఇదొక్కటే.

తర్వాత డెక్ ఎత్తు, అంటే పిస్టన్‌కీ బ్లాకు మట్టానికీ ఉన్న తేడా. బ్లాకు మీద డయల్ గేజీ పెట్టి పిస్టన్ పైకి వచ్చే చోట చదవాలి. గేజీ ముల్లు పిస్టన్ పిన్ను వరసలోనే, చదును అంచు మీద పెట్టాలి. పక్కన పెడితే పిస్టన్ ఊగి 0.1 దాకా అబద్ధం చెబుతుంది. నాలుగు పిస్టన్లూ బ్లాకు మట్టం కంటే పైకే వచ్చాయి: 0.14, 0.15, 0.15, 0.16. సగటు 0.15 అనుకుంటే 0.65 సీసీ తీసేయాలి.

పిస్టన్ తల. ఇది కళ్ళతో అంచనా వేసేది కాదు. గుబ్బ పైకి ఉంది, దాని పక్కన వాల్వుల కోసం గుంటలు కిందికి ఉన్నాయి. పిస్టన్ని డయల్ గేజీతో సరిగ్గా 10.00 మిల్లీమీటర్లు కిందికి దింపి, చుట్టూ సందులో గ్రీజు వేలితో నింపి, పైన తుడిచి, బోరు మీద యాక్రిలిక్ అంటించి ద్రవం పోశాను. చదును పిస్టన్ అయితే 43.59 సీసీ పట్టాలి. పట్టింది 40.4. అంటే గుంటలు పోగా గుబ్బ 3.2 సీసీ చోటు ఆక్రమించింది.

రింగు పైన సందు ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పిస్టన్ పైభాగం 74.0 మిల్లీమీటర్లు, బోరు 74.5, రింగు దాకా ఎత్తు 6 మిల్లీమీటర్లు. అది 0.35 సీసీ.

అన్నీ ఒకచోట పెడితే:

హెడ్డు గిన్నె: 30.60
గ్యాస్కెట్: +5.44
డెక్: −0.65
పిస్టన్ డోమ్: −3.20
రింగు పైన సందు: +0.35
మిగిలిన ఖాళీ: 32.54 సీసీ

329.12కి 32.54 కలిపితే 361.66. దాన్ని 32.54తో భాగిస్తే 11.11.

గుంటూరు కుర్రాడు కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "ర్యాలీ జిప్సీలు పదకొండు మీదే పరిగెడతాయంటగా అన్నా?" అని అడిగాడు. మంచి ప్రశ్నే. రేసు ఇంజన్‌లో క్యామ్ వేరు. ఇంటేక్ వాల్వు చాలా ఆలస్యంగా మూసుకుంటుంది, పిస్టన్ పైకి వస్తున్నా కొంత మిశ్రమం వెనక్కి తోసుకుపోతుంది. తక్కువ ఆర్‌పీఎంలో నిజంగా నొక్కుకునేది తగ్గిపోతుంది కాబట్టి కాగితం మీద పదకొండు పెట్టుకున్నా తట్టుకుంటుంది. పెట్రోల్ కూడా వేరేది పోస్తారు. ఈ బండికి ఉన్నది స్టాక్ క్యామ్. వాల్వు తొందరగా మూసుకుని, ఉన్న మిశ్రమాన్నంతా లోపలే బంధించి నొక్కుతుంది. రేసు ఇంజన్ రేషియో తెచ్చి ఇంటి బండి క్యామ్‌కి పెళ్ళి చేశారు.

పైగా మన పెట్రోల్ ఇప్పుడు ఇథనాల్ కలిసినది. ఇథనాల్‌కి నాకింగ్ తట్టుకునే గుణం ఎక్కువే, ఆ మాట నిజం. కానీ దానిలో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే గాలికి ఇంకాస్త ఎక్కువ ఇంధనం కావాలి. ఇంజెక్షన్ బండి అయితే సెన్సర్ చూసుకుని కొంతవరకు సర్దుకుంటుంది. కార్బురేటర్‌కి ఆ తెలివి లేదు, పెట్రోల్ వచ్చే జెట్టు రంధ్రం ఎంతో అంతే. మిశ్రమం పలచబడి ఇంజన్ ఇంకా వేడెక్కింది. కాబట్టి నేను ఫోన్‌లో చెప్పిన 95 ఆక్టేన్ మందు, జబ్బు తెలియకుండా రాసిన మందే.

ఎంతకి దింపాలి? నేను 9.5కీ 9.7కీ మధ్య అన్నాను. కుర్రాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. అంత డబ్బు పోసి తొమ్మిదిన్నరా అని. స్టాక్ క్యామ్, కార్బురేటర్, బెజవాడ ఎండ, నలుగురిని ఎక్కించుకుని ఘాట్ ఎక్కే బండి. ఇంతకంటే పైకి పోతే టైమింగ్ వెనక్కి తీయాలి, అప్పుడు రేషియో వల్ల వచ్చిన లాభం అక్కడే పోతుంది. ఇది పుస్తకం చెప్పిన హద్దు కాదు, నా చేతి అంచనా. ఇంకొకరు పదికి కూడా ధైర్యం చేయొచ్చు.

9.6 రావాలంటే పైన ఖాళీ 38.3 సీసీ ఉండాలి. అంటే ఇంకా 5.7 సీసీ ఎక్కడి నుంచో సంపాదించాలి.

అందరూ ముందు చెప్పే మార్గం లావు గ్యాస్కెట్, లేదా రెండు గ్యాస్కెట్లు. దానికి ఒప్పుకోలేదు. 5.7 సీసీకి మందం ఇంకో 1.26 మిల్లీమీటర్లు పెరగాలి. ఇప్పుడు పిస్టన్ అంచుకీ హెడ్డు చదును భాగానికీ మధ్య ఉన్న ఎడం 1.05. అది పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిశ్రమాన్ని నొక్కి మధ్యలోకి చిమ్మేలా చేస్తుంది, మంట త్వరగా పాకుతుంది, అంచుల్లో వేడి మిశ్రమం మిగలదు. దాన్ని 2.3 చేస్తే రేషియో తగ్గుతుంది కానీ నాకింగ్‌ని అడ్డుకునే ఆ పని కూడా పోతుంది. కాగితం మీద తక్కువ, రోడ్డు మీద అదే సౌండ్.

కాబట్టి పిస్టన్ గుబ్బ కోయాలి. అక్కడ భయం ఒకటే, తల పలచబడి చిల్లు పడుతుందేమోనని. పిస్టన్ లోపలి నుంచి కాలిపర్‌తో మందం చూస్తే మధ్యలో 8.0, వాల్వు గుంట అడుగున 5.1. గుబ్బని చదును దాకా తీస్తే మధ్యలో 6.2 అవుతుంది. గుంట అడుగు మాత్రం కదలదు, ముందు 5.1 ఉంటే తర్వాతా 5.1. పిస్టన్‌లో బలహీనమైన చోటు ఎలాగూ అదే, దాన్ని మనం ముట్టుకోవడం లేదు. అందుకే ధైర్యం చేశాను.

పక్క వీధిలో లేత్ బావ దగ్గరికి నాలుగు పిస్టన్లూ పట్టుకెళ్ళాను. ఆయనకి ఇంజన్ పిస్టన్ అంటే గౌరవం ఎక్కువ, పనిముట్టు పెట్టడానికి గంట ఆలోచించాడు. "బావా, ఎంత తీయమంటావో అంకె చెప్పు, ఉజ్జాయింపు చెప్పకు" అన్నాడు. 1.8 మిల్లీమీటర్లు, అంచు చదును దాకా, నాలుగూ ఒకేలా. పిస్టన్‌ని స్కర్టు, అంటే కింది పలచటి భాగం, పట్టుకుని బిగిస్తే సొట్ట పోతుందని, లోపలికి దూరే మందపాటి అల్యూమినియం మండ్రెల్ ముందు చేసుకున్నాడు.

వెళ్ళేముందు నగల షాపులో వాడే లాంటి చిన్న ఎలక్ట్రానిక్ కాటాలో నాలుగూ తూచుకున్నాను. కోసి తెచ్చాక మళ్ళీ తూచాను. ఒక్కోటి 12.3 నుంచి 12.5 గ్రాముల దాకా తగ్గింది. పిస్టన్ అల్యూమినియం సాంద్రత సీసీకి సుమారు 2.7 గ్రాములు. భాగిస్తే 4.6 సీసీ. అంటే 3.2 ఆక్రమించిన తల, ఇప్పుడు 1.4 సీసీ ఖాళీ ఇవ్వాలి. మళ్ళీ సిలిండర్‌లో వేసి, 10 మిల్లీమీటర్లు దింపి, ద్రవం పోస్తే 45.0 పట్టింది. 43.59 తీసేస్తే 1.4. తరాజు, బ్యూరెట్ ఒకదానికొకటి తెలియకుండా ఒకే అంకె చెప్పాయి. ఇన్నేళ్ళ పనిలో ఇంత హాయి ఎప్పుడో గానీ దొరకదు. మా షెడ్డు కుర్రాడికి చూపించి రెండుసార్లు చెప్పాను, వాడు టీ తెచ్చే తొందరలో ఉన్నాడు.

మిగిలిన సీసీ హెడ్డులో వెతికాను. గిన్నెలో వాల్వు సీట్ల పక్కన మిషన్ వదిలేసిన పదునైన అంచులున్నాయి. అవి ఎర్రగా కాలి ప్లగ్గు కంటే ముందే నిప్పంటించగలవు. వాటిని చిన్న గ్రైండర్‌తో గుండ్రంగా తీస్తూ, మధ్యమధ్యలో కొలుస్తూ, నాలుగు గిన్నెలూ 31.5కి తెచ్చాను. ఇది రెండు రోజుల పని. నాలుగింటిలో 0.1 కంటే తేడా ఉండనివ్వలేదు. ఒక సిలిండర్ 9.6లో, ఇంకోటి 9.9లో ఉంటే టైమింగ్ ఎవరికని పెడతాం?

బిగించే ముందు ఇంకో చిన్న పని. హెడ్డు ఫేసింగ్ అయితే క్యామ్ షాఫ్టు క్రాంకుకి దగ్గరవుతుంది, బెల్టు దారి పొట్టిదై క్యామ్ టైమింగ్ కొంచెం జరుగుతుంది. వాల్వు పిస్టన్‌కి తగులుతుందేమోనని గుంటల్లో పిల్లలు ఆడుకునే మట్టి ముద్దలు పెట్టి, హెడ్డు బిగించి, చేత్తో రెండు చుట్లు తిప్పి, విప్పి మందం చూశాను. చాలినంత ఎడం ఉంది.

చివరి లెక్క: 31.50, గ్యాస్కెట్ 5.44, డెక్ −0.65, పిస్టన్ +1.40, సందు 0.35. మొత్తం 38.04. రేషియో 9.65.

టైమింగ్ తిరిగి కంపెనీ గుర్తు మీదకి తెచ్చాను. కార్బురేటర్ మెయిన్ జెట్టు ఒక సైజు పెంచాను. గేజీలో ఇప్పుడు 180 చూపిస్తోంది. కుర్రాడు అది చూసి మళ్ళీ దిగులుపడ్డాడు, 210 పోయిందని. బండి ఎక్కించి వారధి మీదుగా మంగళగిరి దాకా తీసుకెళ్ళాక ఆ మాట ఎత్తలేదు.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి, అందరూ తలుపులు వేసుకుని పడుకునే వేళ, కావాలనే కొండవీడు తీసుకెళ్ళాం. మామూలు పెట్రోల్, నలుగురం మనుషులం, థర్డ్ గేర్, యాక్సిలరేటర్ అడుగు దాకా. అద్దాలు దించి చెవులు బయట పెట్టి కూర్చున్నాం. రెండో మలుపు దగ్గర ఒక్కసారి, బాగా తక్కువ ఆర్‌పీఎంలో ఉన్నప్పుడు, గింజలు రాలినట్టు రెండు క్షణాలు వినిపించింది. గేర్ మార్చగానే పోయింది. దిగాక టైమింగ్ ఒక్క డిగ్రీ వెనక్కి తీశాను. మళ్ళీ ఎక్కితే లేదు. 1500 కిలోమీటర్ల తర్వాత ప్లగ్గులు విప్పి చూశాం. నాలుగూ లేత గోధుమ రంగులో ఉన్నాయి, మెరిసే చుక్కలు లేవు. మూడోది మిగతా వాటి కంటే ఒక ఛాయ తెల్లగా ఉంది. మ్యానిఫోల్డ్ నుంచి మూడో సిలిండర్‌కి మిశ్రమం కొంచెం పలచగా వెళ్తోందని నా అనుమానం. దాన్ని ఇంకా పట్టుకోలేదు.

మొదట బండి కట్టిన మేస్త్రీ ఒకరోజు ఫోన్ చేశాడు. గొడవకేమో అనుకున్నాను. "పిస్టన్ దింపి కొలిచేటప్పుడు గ్రీజు ఎక్కడ రాస్తారండీ?" అని అడిగాడు. పావుగంట మాట్లాడుకున్నాం.

బండితో పాటు లెక్క కాగితం కూడా లామినేషన్ చేయించి ఇచ్చాను, గ్యాస్కెట్ మందం 1.20 అనే చోట ఎర్ర ఇంకుతో గీత గీసి. రేపు ఎక్కడైనా హెడ్డు విప్పి, నలిగాక 1.40 ఉండే వేరే గ్యాస్కెట్ వేస్తే ఆ ఒక్క వరస 6.35 అవుతుంది, రేషియో 9.45కి దిగుతుంది. ఫేసింగ్ చేస్తే మొదటి వరస మారుతుంది, అది మళ్ళీ బ్యూరెట్ పెట్టి చూసుకోవాల్సిందే.